తిరుపతి ఇంటింటి చెత్త సేకరణ సేవ: సమ్మె రోజులను కూడా లెక్కలోకి తీసుకున్న సమీక్ష

తిరుపతిలో నేను ఏళ్ల తరబడి వాడుకుంటున్న సేవల్లో బాగా నమ్మదగినది ఏదని ఎవరైనా అడిగితే, పొద్దున్నే మా కొర్లగుంట వీధిలోకి వచ్చే చెత్త బండి అని తడుముకోకుండా చెబుతాను. కరెంటు పోతుంది, వేసవిలో కుళాయి సన్నగిల్లుతుంది, ఫోను సిగ్నల్ అందదు. ఆ బండి మాత్రం ముసురు పట్టిన రోజునా, గంగమ్మ జాతర మరునాడూ, దీపావళి తెల్లారీ వస్తుంది. అలాంటి సేవ 2023 డిసెంబరు 26న ఆగిపోయి, 2024 జనవరి రెండో వారంలో, భోగికి కొద్ది రోజుల ముందు మళ్లీ మొదలైంది. రాష్ట్రమంతటా మున్సిపల్ కార్మికులు చేసిన సమ్మె అది. ఈ సేవకు మార్కులు వేసేటప్పుడు ఆ రోజులను మినహాయించడం సరికాదని నా అభిప్రాయం. సేవ ఎందుకు ఆగిందో, ఆగినన్నాళ్లూ ఊరి జనం ఎలా స్పందించారో, తిరిగి మొదలైనప్పుడు ఏం మారిందో చూడకుండా వేసే మార్కులకు విలువ తక్కువ.

ముందు మామూలు రోజుల సంగతి. ఈల ఊదుతూ తోపుడు బండితో పీహెచ్ వర్కర్, అంటే పారిశుద్ధ్య కార్మికులు, సందుల్లోకి వస్తారు, పెద్ద వీధిలో ఆటో టిప్పర్ నిలబడి ఉంటుంది. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో రాష్ట్రంలో మొదలైన కార్యక్రమంలో ఇళ్లకు మూడు రంగుల డబ్బాలు వచ్చాయి. తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది, బ్యాటరీలు, పాత మందులు, శానిటరీ ప్యాడ్ల వంటివాటికి ఎర్రది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ మూడింటినీ వేరు చేసి ఇవ్వవలసిన బాధ్యతను ఇంటివాళ్ల మీద పెట్టాయి. మా వీధిలో సగానికి పైగా ఇళ్లు ఆ బాధ్యతను పాటిస్తాయి. మిగిలినవాళ్ల బాధ్యత బండి తోసే మనిషి చేతుల మీద పడుతుంది.

మా వీధికి వచ్చే కార్మికురాలు, మేము అక్క అని పిలిచే ఆమె, ఒకసారి మా గేటు దగ్గరే ముడి వేసిన నల్ల కవరు ఒకటి విప్పింది. అది మా పక్కవాళ్ల ఇంటి నుంచి వచ్చింది. అందులో ఉల్లిపొట్టు, మిగిలిపోయిన సాంబారన్నం, పాల ప్యాకెట్లు, పగిలిన గాజు గ్లాసు, కాగితంలో చుట్టని ప్యాడ్ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఆమె చేతి తొడుగు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. గాజు పెంకులను రెండు వేళ్లతో ఒక్కొక్కటిగా ఏరి పాత పెయింటు డబ్బాలో వేసింది, పాల ప్యాకెట్లను దులిపి బండికి వేలాడే గోనె సంచిలోకి తోసింది, అన్నాన్ని ఆకుపచ్చ డ్రమ్ములో వంచింది, ప్యాడ్‌ను పాత పేపరులో చుట్టి వేరే పెట్టింది. ఇదంతా నేను తాగడానికి నీళ్లు తెచ్చి ఇచ్చేలోపు అయిపోయింది. రేణిగుంట మండలం తూకివాకం దగ్గరున్న కేంద్రంలో తడి చెత్త ఎరువుగా, గ్యాసుగా మారాలంటే, గేటు దగ్గర జరిగే ఈ కాస్త పని సరిగా జరగాలి. ఇక్కడ కలిసిపోయిన చెత్తను అక్కడ ఏ యంత్రమూ పూర్తిగా విడదీయలేదు.

ఈ ఊరికి ఉన్న బరువు కూడా వేరు. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా 2.87 లక్షలు. రోజూ కొండకు వెళ్లే అరవై డెబ్బై వేల మంది యాత్రికుల్లో చాలామంది బస చేసేది, తినేది, బస్సుకో రైలుకో కాచుకునేది కింద ఊళ్లోనే. కొండ మీద పారిశుద్ధ్యాన్ని దేవస్థానం చూసుకుంటుంది. అలిపిరి దిగాక మిగిలేదంతా మున్సిపల్ కార్మికులు ఎత్తవలసిందే. రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసం చుట్టూ, బస్టాండు దగ్గర శ్రీనివాసం చుట్టూ, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో ప్రతి పూటా టీ కప్పులు, విస్తరాకులు, వాడిన పూలమాలలు, కొబ్బరి పీచు, గుండ్లు కొట్టించుకున్న పిల్లలకు కొన్న టోపీల కవర్లు పోగుపడతాయి. అక్కడ రెండు పూటలు ఊడవకపోతే ఏమవుతుందో అంతకు ముందు మేము ఊహించవలసిన అవసరం రాలేదు.

సమ్మెకు దారి తీసిన కారణాలు చాలా కాలంగా ఉన్నవే. అప్పట్లో ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుడికి నెలకు 15,000 రూపాయల వేతనం, దాని మీద 6,000 రూపాయల హెల్త్ అలవెన్సు వచ్చేవి. అలవెన్సుకు వేతనానికి ఉన్న భద్రత ఉండదు. 2022 జులైలో ఆ అలవెన్సు కోసమే కార్మికులు సమ్మెకు దిగవలసి వచ్చింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్ ఆప్కాస్ 2020లో మొదలయ్యాక మధ్యలో కాంట్రాక్టరు లేకుండా జీతం నేరుగా ఖాతాలో పడసాగింది, అది మేలు చేసిన మార్పేనని మా అక్క కూడా అంటుంది. కానీ ఒకే కాలువలో పర్మినెంటు కార్మికుడూ ఆప్కాస్ కార్మికురాలూ పక్కపక్కన దిగి పూడిక తీస్తున్నప్పుడు, నెలాఖరున ఇద్దరి జీతాల మధ్య ఉండే తేడా చాలా పెద్దది. తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం వర్తిస్తుందని 2016 అక్టోబరులో పంజాబ్ ప్రభుత్వానికీ జగ్‌జీత్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమను పర్మినెంటు చేయాలి, చేసేదాకా సమాన వేతనం ఇవ్వాలి అన్నవి సంఘాల ప్రధాన డిమాండ్లు. మంత్రుల బృందానికీ యూనియన్ నాయకులకూ మధ్య విడతలు విడతలుగా చర్చలు నడిచాయి, విడత విడతకూ అవి ఒప్పందం లేకుండానే ముగిశాయి. తిరుపతిలో ఎవరు ఎవరిని నిలదీసినా తేలేది ఏమీ లేదు, ఎందుకంటే జీతం నిర్ణయం రాష్ట్ర స్థాయిలో జరగవలసినది. జనం కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లో ఊళ్లో వినిపించిన మాటలన్నీ ఒక్క తీరుగా లేవు, మొదటి రోజు మాటలు చివరి దాకా నిలవనూ లేదు. సమ్మె మొదలైన వేళే అలాంటిది. డిసెంబరు 23న వైకుంఠ ఏకాదశి. జనవరి 1 దాకా వైకుంఠ ద్వార దర్శనాలు. టోకెన్ల కోసం వచ్చిన జనంతో నగరం కిక్కిరిసి ఉంది. మా వీధి చివర రిటైరైన పెద్దాయన ఒకరు గట్టిగానే అన్నారు: “ఇంత పెద్ద క్షేత్రంలో, భక్తులు లక్షల్లో వచ్చే రోజుల్లో చీపుర్లు కింద పడేస్తే దేవుడు మెచ్చుతాడా అమ్మా?” ఈ మాట నేను టీ కొట్టు దగ్గరా విన్నాను, కూరగాయల మార్కెట్లోనూ విన్నాను. యాత్రికుల ముందు మన ఊరి పరువు పోతోందన్న బాధ అందులో ఉంది. ఆ బాధ నిజమైనదే, దానిని నేను తోసిపుచ్చను. కానీ ఊరి పరువు ఇన్నేళ్లుగా ఎవరి పని మీద నిలబడిందో ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది ఆలోచించలేదు.

ఈ మాటను నేను నిరసన శిబిరంలో మా అక్క చెవిన వేశాను. షామియానా కింద ఆడవాళ్లే ఎక్కువగా ఉన్నారు, అందులోనూ దళిత కుటుంబాల వాళ్లే ఎక్కువ. ఆ రోజు వంటావార్పు చేస్తున్నారు. రోడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఉప్మా ఉడుకుతోంది, ఒకామె పొగకు కళ్లు తుడుచుకుంటూ గరిటె తిప్పుతోంది. మా అక్క నెమ్మదిగా చెప్పింది: “మేం చేసే పని దేవుడు చూస్తానే ఉండాడు మా. జీతం చూడాల్సినోళ్లే చూడలా. పండగ పూట ఇంట్లో కూర్చోవాలని మాకు మాత్రం ఉంటుందా? పని ఆపినాక నిద్ర పట్టేదే లేదు, తెల్లారి నాలుగుకే మెలకువ వచ్చేస్తాది.” పక్కనున్న ఇంకో ఆమె జీతం కోత గురించి, ఇంటి బాడుగ గురించి, పిల్లవాడి కాలేజీ ఫీజు గురించి చెప్పింది. సమ్మె చేసినన్ని రోజులకూ జీతం వస్తుందో రాదో ఆమెకు తెలియదు. సేవ ఆగడం వల్ల మాకు కలిగినది అసౌకర్యం. ఆమెకు ఎదురైనది నెల గడవడమెలా అన్న ప్రశ్న. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసి తూచడం నాకు న్యాయంగా తోచలేదు.

రెండో రకం స్పందన డబ్బుకు సంబంధించినది. అప్పటికి ఇంటింటికీ చెత్త పన్ను వసూలు చేస్తున్నారు. “నెల నెలా కట్టించుకుంటున్నారు గదా, ఎత్తకపోతే ఎట్లా?” అని మా మేడ మీద బాడుగకు ఉన్నవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, కానీ అడిగిన చోటు సరైనది కాదు. ఆ మాటను వాళ్లు వీధిలో ఎదురైన కార్మికురాలి మీదకు విసిరారు. కట్టిన పన్నుకూ ఆమె జీతానికీ నేరుగా ఏ లంకే లేదని ఆమె చెప్పినా వాళ్లకు పట్టలేదు. తలుపు తట్టి వచ్చే ముఖం ఆమెది కాబట్టి లెక్క అడగడానికీ ఆమె ఒక్కతే దొరికింది. ఈ సేవను వాడుకునే మాలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. ఆ పన్ను తర్వాత 2024 డిసెంబరు 31 నుంచి రద్దయింది, ఇప్పుడు ఆ వాదనకు తావు లేదు.

వ్యాపారుల మాట వేరుగా ఉంది. లీలామహల్ సర్కిల్ వైపు టిఫిన్ బండి నడిపే ఒకాయన ఇలా అన్నారు: “నోటీసు ముందే ఇచ్చినారంట గదమ్మా. అప్పుడే పిలిచి మాట్లాడుంటే ఇంత దూరం వచ్చేదా?” ఆయన ఏ యూనియన్‌లోనూ లేరు, సమ్మె వల్ల నష్టపోయినవారిలో ముందు వరసలో ఉన్నారు. బండి పక్కన కుప్ప పెరిగి, ఈగలు ముసిరి, తినడానికి వచ్చినవాళ్లు ప్లేటు పట్టుకుని రోడ్డు దాటి నిలబడి తింటున్నారు. అయినా ఆయన వేసిన ప్రశ్న ఆ రోజుల్లో నేను విన్న మాటలన్నింటిలోకీ సూటిగా ఉంది. అప్పట్లో అమలులో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 పారిశుద్ధ్యాన్ని ప్రజోపయోగ సేవగా గుర్తించింది. అలాంటి సేవలో సమ్మె చేయాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మెకు దిగకూడదు. ఆ గడువును పెట్టిందే కూర్చుని మాట్లాడుకోవడానికి. ప్రజలకు మాత్రం ఆ గడువు నడుస్తున్న సంగతే తెలియలేదు, పొద్దున బండి రానప్పుడే సమ్మె అని తెలిసింది.

నాకు బాధ కలిగించిన స్పందన మరొకటి ఉంది. మొదటి వారంలోనే కొందరు రాత్రి పూట కవర్లు తెచ్చి ఖాళీ స్థలాల్లో, కాలువల్లో పడేయడం మొదలుపెట్టారు. ఒక లాడ్జి వాళ్లు, దాని పేరు ఇక్కడ అనవసరం, వారం దుప్పట్ల కవర్లూ మిగిలిన భోజనమూ కలిపి మా సందు మొదట్లోనే గుమ్మరించారు. కొన్నిచోట్ల కుప్పలకు నిప్పు పెట్టారు. ప్లాస్టిక్ కాలిన వాసన పొద్దుపోయేదాకా ఇళ్లలోకి వచ్చింది. ఆ కుప్పల దగ్గర ఆవులు పాల ప్యాకెట్లను పళ్లతో పట్టి లాగుతుంటే, కవరు సాగి సాగి తెగేది. గోమాతకు అరటిపండు పెట్టి దణ్ణం పెట్టుకునే ఊరు మాది. ఇలా పడేసినవాళ్లు సమ్మె మీద నెపం వేశారు. తడి చెత్తను పెరట్లోనో పాత బకెట్లోనో మట్టి కప్పి ఉంచుకుంటే, పొడి చెత్తను సంచిలో కట్టి మేడ మీద పెట్టుకుంటే, ఆ రెండు వారాలు గడిచేవి. మా వీధిలో కొన్ని ఇళ్లు అదే చేశాయి. పిల్లలతో ప్యాకెట్లు కడిగించి ఆరబెట్టించిన ఇల్లు కూడా ఒకటి ఉంది. ఆ ఇళ్ల ముందు వాసన రాలేదు, ఈగలు లేవు.

కొత్త సంవత్సరం వచ్చాక మాటల్లో మార్పు కనిపించింది. అప్పటికి రాష్ట్రంలో సమ్మె చేస్తున్నది మున్సిపల్ కార్మికులు ఒక్కరే కాదు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు డిసెంబరు 12 నుంచే బయట ఉన్నారు. డిసెంబరు 20 నుంచి పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష ఉద్యోగులు కూడా. జనవరి 6న అంగన్‌వాడీల మీద ప్రభుత్వం ఎస్మాను, అంటే సమ్మెను నిషేధించే అత్యవసర సేవల చట్టాన్ని, ప్రయోగించింది. అంగన్‌వాడీ టీచరు అంటే మా వీధుల్లో పిల్లలకు గుడ్డు, పాలు ఇచ్చే, గర్భిణులకు పౌష్టికాహారం ఇచ్చే మనిషి, దాదాపు ప్రతి ఇంటికీ పేరు పెట్టి పిలిచేంత చనువు ఉన్న మనిషి. ఆమె మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారన్న వార్త చూశాక, అంతవరకూ చెత్త బండి వాళ్లను తిడుతున్న ఇళ్లలో కూడా గొంతు మారింది. “వీళ్ల మీద గూడా అదే పెడతారేమో” అని పక్కింటి పిన్నమ్మ ఆ సాయంత్రం కంగారుగా అడిగింది. సమ్మె తొలి రోజుల్లో గట్టిగా మాట్లాడిన రిటైరైన పెద్దాయన కూడా తర్వాత శిబిరానికి ఒక బస్తా బియ్యం పంపించారు. ఆయన తన మొదటి మాటను వెనక్కి తీసుకోలేదు, దాని గురించి ఎవరూ అడగనూ లేదు.

ఇక తాత్కాలికంగా నడిపిన ప్రత్యామ్నాయ సేవ గురించి. రాష్ట్రంలో అనేక పట్టణాల్లో పోలీసు బందోబస్తు మధ్య బయటి మనుషులను పెట్టి చెత్త ఎత్తించే ప్రయత్నాలు జరిగాయి, వాటి చుట్టూ తోపులాటలూ జరిగాయి. మా వైపు వచ్చిన కుర్రాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లు కూడా రోజు కూలీకి వచ్చినవాళ్లే. కానీ సేవగా చూస్తే అది ఏ రకంగానూ సమానం కాలేదు. ఏ సందులో బండి తిరుగుతుందో, ఏ ఇంట్లో మంచాన పడిన ముసలావిడ ఉందో, ఎవరి గేటు దగ్గర కుక్క కరుస్తుందో వాళ్లకు తెలియదు. మూడు రంగుల డబ్బాలనూ ఒకే ట్రాక్టరులో వంచేశారు. ఇంట్లో శ్రద్ధగా వేరు చేసి ఉంచినవాళ్లకు అది చూసి మనసు చివుక్కుమంది. పెద్ద వీధులు కొంత తేటపడ్డాయి, సందులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఈ పనికి నైపుణ్యం అక్కర్లేదని అనేవాళ్లు ఆ కొద్ది రోజులను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

జనవరి రెండో వారంలో ఒప్పందం కుదిరింది. 15,000 వేతనాన్నీ 6,000 అలవెన్సునూ కలిపి 21,000 రూపాయలను మూల వేతనంగా చేయడానికి ప్రభుత్వం అంగీకరించడం అందులో ముఖ్యమైనది. చేతికి వచ్చే మొత్తం పెద్దగా పెరగలేదు కదా, దీనికోసమా ఇన్నాళ్లు అని అప్పట్లో కొందరు పెదవి విరిచారు. మా అక్క దానిని అలా చూడలేదు. అలవెన్సు అయితే ప్రతి ఏడూ దినదినగండం, జీతంలో కలిస్తే కొంత ధైర్యం అని చెప్పింది. 2022లో ఒకసారి దాని కోసమే రోడ్డెక్కినవాళ్లకు ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుసు. పర్మినెంటు చేయాలన్న ప్రధాన డిమాండు మాత్రం ఆ ఒప్పందంలో తీరలేదు.

విధుల్లోకి తిరిగి వచ్చిన తెల్లవారుజామున మా వీధిలో పని చాలాసేపు సాగింది. కుళ్లిన కుప్పలను పారలతో ఎత్తి, కింద బ్లీచింగ్ చల్లి, కాలువ అంచులను గీకి శుభ్రం చేశారు. ఆ కుప్పల్లో ఎక్కువ భాగం మేము, మా లాడ్జీలు, మా హోటళ్లు పడేసినదే. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కొందరు ఇళ్లవాళ్లు టీ పెట్టి ఇచ్చారు, ఇంకొందరు తలుపు తీయలేదు. సరిగ్గా ఆ వారంలోనే, జనవరి 11న, ఢిల్లీలో నగరాల శుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ 2023 అవార్డులు ప్రకటించారు. లక్షకు పైబడిన జనాభా గల నగరాల్లో తిరుపతికి దేశంలో 8వ స్థానం దక్కింది. తర్వాత శుభ్రతలో నిలకడగా ముందున్న నగరాల కోసం 2025 జులైలో ప్రకటించిన సూపర్ స్వచ్ఛ్ లీగ్‌లో, 50 వేల నుంచి 3 లక్షల జనాభా గల నగరాల విభాగంలో కూడా తిరుపతి పేరు ఉంది. ర్యాంకు వచ్చినప్పుడల్లా నగరమంతటా ఫ్లెక్సీలు కడతారు. అభినందనలు చెప్పవలసిందే. నా కోరిక ఏమిటంటే, ఆ ఫ్లెక్సీల మీద కనీసం ఒక మస్టర్ పాయింట్ (హాజరు వేసుకునే చోటు) కార్మికులందరి గ్రూప్ ఫొటో అయినా వేయాలి.

సమీక్ష కాబట్టి మార్కుల విషయం చెప్పాలి. పని చేసే మనుషులకు, వాళ్ల సమయపాలనకు, ఓర్పుకు, చెత్తను వేరు చేయడంలో వాళ్ల నైపుణ్యానికి ఐదుకు ఐదు ఇస్తాను, ఇందులో నాకు సందేహం లేదు. ఇంటి నుంచి తూకివాకం దాకా ఉన్న ఏర్పాటుకు నాలుగు. డబ్బాలు, బండ్లు, ఎరువుల కేంద్రం బాగానే కుదిరాయి. చేతి తొడుగులు, బూట్లు, సబ్బులు, కొబ్బరినూనె కార్మికులకు క్రమం తప్పకుండా అందితే, చిరిగినవి చిరిగినప్పుడే మారిస్తే ఐదు ఇవ్వవచ్చు. ప్రజలకు సమాచారం ఇచ్చే విషయంలో రెండుకు మించి ఇవ్వలేను. సమ్మె నోటీసు ఎప్పుడు ఇచ్చారో, చర్చలు ఏ అంశం దగ్గర ఆగాయో, ఆగిన రోజుల్లో ఇంటివాళ్లు చెత్తను ఎలా నిల్వ ఉంచుకోవాలో ఎవరూ మాకు చెప్పలేదు. ఆ ఖాళీలో పుకార్లు నిండాయి, కోపం దగ్గరగా కనిపించిన మనిషి మీదకు మళ్లింది. వాడుకునే మాకు, అంటే ఊరి జనానికి, మూడు ఇస్తాను. పొడి చెత్తను కడిగి దాచిన ఇళ్ల పుణ్యాన ఆ మూడైనా వచ్చాయి.

ఊరికి కొత్తగా వచ్చి ఈ సేవను వాడుకోబోయేవారికి కొన్ని సూచనలు. గాజు పెంకులను కాగితంలో చుట్టి, పైన ‘గాజు’ అని రాసి విడిగా ఇవ్వండి. ప్యాడ్లు, డైపర్లు, వాడిన సూదులు ఎర్ర డబ్బాలోనే వేయండి, సూదికి మూత తప్పనిసరి. కవర్లకు ముడి వేయకండి, వేస్తే దానిని విప్పేది మరొకరి చెయ్యి. వచ్చిన మనిషిని అక్కా, అన్నా అని పిలవండి, పేరు తెలుసుకోండి. ఎండలో అయితే మంచినీళ్లు ఇవ్వండి, ఇంటి గ్లాసులోనే ఇవ్వండి. మా వీధిలో ప్లాస్టిక్ గ్లాసు విడిగా పెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ అలవాటు మానుకోవాలని వాళ్లకు నేను ముఖం మీదే చెప్పాను.

పర్మినెంటు డిమాండు తీరనంత కాలం ఇలాంటి సమ్మె నోటీసు మళ్లీ రావచ్చు. వస్తే దాని నకలును ఆ రోజే ప్రతి వార్డు సచివాలయం బోర్డు మీద అంటించాలి. కింద యూనియన్ ఏమడుగుతోంది, ప్రభుత్వం ఎంతవరకు ఒప్పుకుంది, తదుపరి చర్చల తేదీ ఎప్పుడు అన్న మూడు వాక్యాలు అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయాలి. చర్చలు జరిగిన ప్రతిసారీ ఆ కాగితాన్ని మార్చాలి. అప్పుడు ఆ 14 రోజుల గడువులో మేము కూడా మా కార్పొరేటర్‌నూ, ఎమ్మెల్యేనూ అడగగలుగుతాం. బండి ఆగకముందే అడగగలుగుతాం.